పాటగాళ్లను, వాద్యకారులను ఏమడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పరకాలలో ఉంటూ ఒక చిన్న వెబ్ ఛానల్‌లో కొత్తగా చేరారు. డోలు కొడుతూ మల్లన్న, బీరప్ప లాంటి దేవుళ్ల కథలు పాడే ఒగ్గు కథవాళ్ల మీద, డప్పు కళాకారుల మీద వరసగా కథనాలు చేయమన్నారు. ఇంటికి వెళ్లి మైకు పెట్టి "మీ కళ గురించి చెప్పండి" అంటే "ఏం జెప్పాలె సారూ, మా తాతల కాడికెల్లి వస్తున్నది" అని ఊరుకుంటున్నారు. పది నిమిషాల్లో మాట అయిపోతోంది. ఏమడిగితే మాట్లాడతారు, వచ్చినదాన్ని ఎలా రాయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. కళ గురించి అడగకండి, పని గురించి అడగండి. అది కూడా వాద్యం వాళ్ల చేతిలో ఉన్నప్పుడు, జట్టువాళ్లు పక్కన ఉన్నప్పుడు అడగండి. నిన్న రాత్రి కథ ఎన్నింటికి మొదలైంది, డోలు ఎవరు కొట్టారు, ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపాల్సి వచ్చింది అని అడిగి చూడండి. పది నిమిషాల మనిషి గంటసేపు మాట్లాడతాడు.

నేను వరంగల్‌లో ఉండి చాలా ఏళ్లు పేపర్‌కు పనిచేశాను. జిల్లా పేజీలకు, ఆదివారం సంచికకు రాశాను. సభలు, ధర్నాలు, యాక్సిడెంట్లు అందరిలాగే రాశాను కానీ, మనసుపెట్టి తిరిగింది మాత్రం పాట ఉన్న చోట్లకే. అందుకే కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

వాళ్ల దగ్గర జవాబు లేక ఊరుకోవడం లేదు. చిన్నప్పటి నుంచి నాయిన వెనకాల ఊరూరూ తిరిగి, నిద్రమబ్బులో వంత పాడి నేర్చుకున్న విద్యను ఒక్క ముక్కలో చెప్పమంటే ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. పైగా మనలాంటి వాళ్లు ఇంతకుముందు కూడా వచ్చి, అదే అడిగి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. వచ్చినవాళ్లకు ఏం కావాలో వాళ్లకు ఇప్పుడు బాగా తెలుసు. తాతల నాటి విద్య, సర్కారు ఆదుకోవాలె, పింఛను కావాలె. ఈ మూడు మాటలూ చెప్పేస్తే వీళ్లు వెళ్లిపోతారని అనుభవంతో నేర్చుకున్నారు. అందులో వాళ్ల తప్పు లేదు.

ఒక సంగతి చెప్తాను. భూపాలపల్లి పోయే దారిలో ఒక ఊళ్లో డప్పు కొట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వానాకాలం. ఎంత అడిగినా ఊఁ, ఆఁ తప్ప మాట పెగల్లేదు. గోడకు తగిలించిన డప్పు కనిపించి, "బాపూ, ఇప్పుడు కొడితే ఇది మోగుతదా?" అన్నాను. "ఏడ మోగుతది బిడ్డా, వానకు మెత్తవడ్డది" అని లేచాడు. వాకిట్లో గుప్పెడు వరిగడ్డి అంటించాడు. డప్పును మంటకు ఏటవాలుగా పట్టి, ఒక్క చోట నిలపకుండా తిప్పుతూ, మధ్యమధ్య అరచేత్తో తోలును నిమిరాడు. వేలితో టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అంచు ఒక పక్క ఇంకా మెత్తగా ఉందని ఆ పక్కనే మళ్లీ కాచాడు. తర్వాత కురచగా లావుగా ఉండే సిర్ర కుడి చేతిలోకి, సన్నటి సిటికెన పుల్ల ఎడమ చేతిలోకి తీసుకుని రెండు దెబ్బలు వేసేసరికి ఇంటిముందు పిల్లలు పోగయ్యారు.

ఆ తర్వాత నేను అడగాల్సిన అవసరమే రాలేదు. మేక తోలు ఎట్లా పలుకుతుంది, దూడ తోలు ఎట్లా పలుకుతుంది, ఎంత కాస్తే తోలు పగులుతుంది, శవం ముందు నడుస్తుండగా వాన పడితే ఏం చేస్తారు, పెళ్లి దెబ్బకూ సావు దెబ్బకూ చేతిలో తేడా ఎక్కడుంటుంది, అన్నీ కొట్టి చూపించాడు. ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి, కాచే పని లేదు. కానీ తోలు డప్పుకు ఉన్న లోతు దానికి లేదని, అయినా పొద్దంతా మోసేవాడికి అదే తేలికని, పిల్లలు అది కొనుక్కుంటే తాను తప్పు పట్టనని అన్నాడు. మొత్తం కథనానికి సరిపడా సరుకు అంతా ఆ కాచడంలోంచే వచ్చింది.

కాబట్టి ఏ వాద్యం ముందు కూర్చున్నా దాని ఒంటి గురించి మొదలుపెట్టండి. ఎవరు చేశారు, తోలు ఎవరు మూశారు, తీగ ఎక్కడ దొరుకుతుంది, పాడైతే ఎవరి దగ్గరికి తీసుకుపోతారు, దీనికి ముందు వాడినది ఏమైంది. చేసిచ్చేవాళ్లు ఏ ఊళ్లో మిగిలారో తెలుసుకుంటే అదే మీకు రెండో కథనం.

ఒగ్గు కథకుణ్ని ఒంటరిగా కూర్చోబెట్టకండి. ఇది నాకు ఆలస్యంగా గానీ తట్టలేదు, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కన వంతలు ఉంటారు. ఆయన ఒక మాట అంటే వీళ్లు "ఆఁ" అంటారు, "అట్లనా?" అంటారు, ఎదురు ప్రశ్న వేస్తారు, కొన్నిసార్లు వెక్కిరిస్తారు. ఆ అందింపు మీదే కథ ముందుకు పోతుంది. డోలు, తాళం, నపీర (ఊదే వాద్యం) కూడా ఆ మాటకు మాటందిస్తాయి. జీవితమంతా అట్లా మాట్లాడటం అలవాటైన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా పెట్టి, ఎదురుగా మౌనంగా ఉంటే ఆయనకు నోరు రాదు. వంత పాడే ఆయన్ను పక్కనే కూర్చోబెట్టండి. మీరు కూడా మాటమాటకూ "ఆఁ, తర్వాత?" అంటూ ఉండండి. వీడియోలో మీ గొంతు వినిపిస్తుందని మొహమాటపడకండి, ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

కథ చెప్పేటప్పుడు ఒకే మనిషి కాసేపు మల్లన్న, కాసేపు ఆయన భార్యలు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అవుతాడు. గొంతు, నడక, కొంగు పట్టుకునే తీరు మారిపోతాయి. "మేడలమ్మకు గొంతు ఎట్లా మారుస్తారు, ఒకసారి అని చూపించండి" అంటే వెంటనే చూపిస్తారు. "స్త్రీ పాత్రను ఎలా పోషిస్తారు?" అని టీవీ భాషలో అడిగితే మళ్లీ తాతల దగ్గరికే పోతుంది మాట.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరూరూ తిరిగి పాడే బుడగ జంగాల కథల్లో, శారద కథల్లో భార్యాభర్తలు కలిసి పాడటం మామూలే. రిపోర్టర్ వెళ్లగానే భర్తే ముందుకు వచ్చి మాట్లాడతాడు, ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోతుంది. నర్సంపేట వైపు ఒక ఇంట్లో ఆయన చెప్తుంటే లోపలి నుంచి ఆమె దిద్దుతూనే ఉంది. "అది ఆ ఇంటోళ్లది కాదు, పెద్దిళ్లోళ్లది", "అక్కడ ఆ పాట రాదు, ముందు ఇది వస్తది" అని. ఏ ఊళ్లో ఏ ఇంటి పేరువాళ్లు, ఎవరి కొడుకు ఎవరు, ఎవరి సావుకు ఏం పాడారు అన్నదంతా ఆమె దగ్గర ఉంది. ఆయన గొంతు పెద్దది, జ్ఞాపకం ఆమెది. చాయ్ గ్లాసులు పక్కన పెట్టించి ఆమెను కూడా చాప మీద కూర్చోమన్నాను. కథనం ఇద్దరి పేర్ల మీదా వచ్చింది.

2023లో 'బలగం' సినిమా చివర్లో పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు మన దుగ్గొండి మండలం వాళ్లే. సినిమా వచ్చాకే రాష్ట్రమంతా వాళ్ల పేరు తెలిసింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. సినిమా రాకముందు ఎన్నో ఏళ్లు వాళ్లు ఆ పాటలే ఊళ్లలో పాడారు. చనిపోయిన మనిషి దినాల నాడు ఆ ఇంటివాళ్ల మధ్య కూర్చుని, ఆ మనిషి బతుకును పాటగా అల్లి వినిపించడం ఎంత కష్టమైన విద్యో ఆలోచించండి. పొద్దున వచ్చి ఇంటివాళ్లను నాలుగు మాటలు అడిగి, సాయంత్రానికి పాట కట్టాలి. ఎవరి పేరు విడిచిపెట్టినా గొడవే. మన చుట్టుపక్కల ఇప్పటికీ ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. ఇలాంటివాళ్లను ఒక సినిమా వెతికి పట్టుకునేదాకా మనం ఆగడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మీరు ఆగకండి.

ఎప్పుడు వెళ్లాలి అన్నది కూడా ముఖ్యం. ఒగ్గు జట్లు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఊపిరాడనంత పనిలో ఉంటాయి. ఐలోని (ఐనవోలు) మల్లన్న, కొమురవెల్లి మల్లన్న జాతర్లు, పట్నాలు (దేవుడి ముందు రంగులతో వేసే ముగ్గులు), ఆపైన ఇళ్లలో మొక్కులు. మళ్లీ బోనాల సీజన్. ఆ రోజుల్లో చూడటానికి వెళ్లండి, మాట్లాడటానికి కాదు. రాత్రంతా కథ చెప్పి వచ్చిన గొంతుతో ఇంటర్వ్యూ అడగడం న్యాయం కాదు. మాట్లాడటానికైతే సీజన్ అయిపోయాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. కానీ ముందు ఒక రాత్రి మొత్తం కూర్చుని కథ విని ఉండాలి. "మొన్న ఐలోనిలో మీరు ఫలానా ఘట్టం దగ్గర డోలు ఆపించారు, ఎందుకు?" అని అడిగిన రిపోర్టర్‌ను వాళ్లు వేరే కంటితో చూస్తారు.

వయసు, సంవత్సరాల దగ్గర చాలామంది తప్పులు రాస్తారు. "ఎన్నేళ్ల నుంచి చెప్తున్నారు?" అంటే "ఓ యాభై ఏండ్లాయె" అంటారు, అది లెక్క కాదు, ఊరికే అన్నమాట. ఊరికి గుర్తున్న సంఘటనకు ముడిపెట్టి అడగండి. ఎన్టీఆర్ మొదటిసారి గెలిచినప్పుడు (1983) నాయిన వెంట తిరుగుతున్నావా? మండలాలు వచ్చినప్పుడు (1985)? పీవీ ప్రధాని అయినప్పుడు (1991) నీకు పెళ్లయిందా? పీవీ మన వంగర మనిషి కాబట్టి ఆ సంగతి ఈ వైపు ముసలివాళ్లందరికీ గుర్తుంటుంది. మూడు గుర్తులు దొరికితే కాలం దానంతటదే తేలుతుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. 2016లో జిల్లాలు విడిపోయాయి. పాత కటింగుల్లో "వరంగల్ జిల్లా" అని ఉన్న చేర్యాల, కొమురవెల్లి ఇప్పుడు సిద్దిపేటలో ఉన్నాయి. ఒగ్గు కథను ఊరి పట్నం ముందు నుంచి సభావేదికల దాకా తీసుకెళ్లిన చుక్క సత్తయ్య (2017లో పోయారు) ఊరు మాణిక్యపురం ఇప్పుడు జనగామ జిల్లా. 2021లో హనుమకొండ, వరంగల్ జిల్లాల పేర్లూ హద్దులూ కూడా మారాయి. పాతది చూసి దించేస్తే కామెంట్లలో వాళ్ల ఊరివాళ్లే దులిపేస్తారు.

ఇప్పుడు అన్నిటికంటే సున్నితమైన విషయం. మన దగ్గర చాలా కళలు కులాన్ని ఆశ్రయించుకుని ఉన్నాయి. ఒగ్గువాళ్లు గొల్ల, కురుమలకు, చిందువాళ్లు మాదిగలకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు, కాకి పడగలవాళ్లు ముదిరాజ్‌లకు, రుంజవాళ్లు విశ్వకర్మలకు కథ చెప్తారు. ఏ ఊళ్లు ఏ జట్టువి అన్నది తరతరాలుగా పంచుకుని ఉంటారు, దాన్ని మిరాశి అంటారు. ఆస్తి పంచుకున్నట్టు అన్నదమ్ములు ఆ ఊళ్లను పంచుకుంటారు. కథ చెప్పినందుకు ఆ కులంవాళ్లు ఇచ్చేది త్యాగం. అది వాళ్ల హక్కు. దాన్ని మీరు "ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటారు" అని రాశారంటే ఆ కుటుంబాన్ని ఊరి ముందు తలదించుకునేలా చేసినట్టే. నేను చూసిన కథనాల్లో కళాకారులకు ఎక్కువ కోపం తెప్పించిన మాట అదే.

మిరాశి గురించి అడిగితే అసలు కథ బయటికి వస్తుంది. మీకెన్ని ఊళ్లున్నాయి, అందులో ఎన్నింట్లో ఇప్పటికీ త్యాగం ఇస్తున్నారు, ఇవ్వనివాళ్లు ఎప్పటి నుంచి మానేశారు, పాత ఊరు వదిలి సూరత్, భివండీ పోయిన పద్మశాలీల ఇళ్లకు మీరు పోతారా? ఇక్కడి నుంచి వలసల కథ, చేనేత కథ, భూముల కథ అన్నీ వస్తాయి. ఒక కళాకారుడి లెక్క చూస్తే ఊరి లెక్కంతా కనిపిస్తుంది.

కులం పేరు మాత్రం వాళ్లు ఏది చెప్తే అదే, వాళ్లు పలికినట్టే రాయండి. వాళ్ల సర్టిఫికెట్ మీద ఎలా ఉందో ఒకసారి చూపించమనండి. ఇది మామూలు అక్షర దోషం కాదు. పిల్లల చదువులు, ఉద్యోగాలు ఆ పేరు మీద ఆధారపడి ఉన్నాయి.

డబ్బు ఇవ్వాలా అని మీరు అడగలేదు కానీ, త్వరలో అడుగుతారు. మాట్లాడినందుకు డబ్బు ఇవ్వడం పత్రికల పద్ధతి కాదు, నేనూ ఇవ్వలేదు. కానీ వేషం కట్టించి, జట్టును పిలిపించి, కెమెరా ముందు గంటలకొద్దీ వాయించమంటే అది ఇంటర్వ్యూ కాదు, ప్రదర్శన. ఆ రోజు కూలికి పోవాల్సిన నలుగురిని మీరు ఆపారు. ఛానల్‌తో ముందే మాట్లాడి పారితోషికం ఇప్పించండి. కుదరదంటే ప్రదర్శన అడగకండి, వాళ్లు ఎక్కడ ఆడుతుంటే అక్కడికే మీరు వెళ్లండి. చిత్రీకరణ కూడా సహజంగా వస్తుంది.

మేడారం వైపు, ఆదిలాబాద్ వైపు వెళ్లినప్పుడు పద్ధతి వేరు. సమ్మక్క సారలమ్మ కథ మనకు పుస్తకాల్లో తెలిసింది ఒకటి, కోయ పాటగాళ్లు పాడేది ఇంకొకటి. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య ఆ కథను కోయ భాషలో పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయారు. అలాంటి వాళ్లు పాడేటప్పుడు తెలుగులో చెప్పమని మధ్యలో ఆపకండి. ముందు వాళ్ల భాషలో పూర్తిగా పాడనివ్వండి, రికార్డు చేసుకోండి. ఆ తర్వాత ఆ భాష వచ్చిన మనిషిని, వీలైతే వాళ్ల ఊరి చదువుకున్న పిల్లనో పిల్లగాణ్నో పక్కన పెట్టుకుని వరస వరస అడగండి. మీకు తెలిసిన కథతో తేడా వస్తే దిద్దకండి. ఆ తేడానే మీ వార్త. కేస్లాపూర్ నాగోబా జాతరలో గోండుల వంశ కథలు పాడే పర్ధాన్లను కలవొచ్చు, కీక్రి అనే తీగ వాద్యం వాయిస్తారు. దండారి (దీపావళి నాటి గోండుల నృత్య పండుగ) రోజుల్లో తుడుం, పెప్రె, కాలికోమ్ వాద్యాలు వినొచ్చు. పూజ జరిగే చోట పెద్దమనిషిని అడగకుండా కెమెరా పైకెత్తకండి. వద్దంటే వద్దు, దాని గురించి బతిమాలకూడదు.

యూట్యూబ్ పాటలు పాడేవాళ్లను కూడా మీ ఛానల్ అడుగుతుంది, ఎందుకంటే వ్యూస్ అక్కడ ఉన్నాయి. కరీంనగర్, వరంగల్ చుట్టూ చిన్న స్టూడియోలు, ఊరి గొంతులు, మేడారం జాతరకు, బతుకమ్మకు కొత్త పాటలు, ఇదో పెద్ద లోకం. కొందరు వాళ్లను చిన్నచూపు చూస్తారు. నేను చూడను. పొలం పనికి పోయి వచ్చి రాత్రి స్టూడియోలో పాడిన అమ్మాయిల గొంతులో నిజం ఉంటుంది. వాళ్లను ఒక్కటి తప్పకుండా అడగండి: ఈ పాట మీకు ఎవరు నేర్పారు? టైటిల్ కింద "జానపదం" అని ఉంటుంది. కానీ చాలాసార్లు పల్లవి ఒక అవ్వది, చరణాలు ఒక కొత్త రచయితవి, బాణీ మూడో మనిషిది. ఆ అవ్వ పేరు ఎక్కడా ఉండదు. మీ కథనంలో ఆ అవ్వ పేరు రాయండి, ఆమె ఒప్పుకుంటే.

చట్టం సంగతి కూడా కాస్త తెలిసుండాలి. 1957 కాపీరైట్ చట్టంలో రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకే కాదు, పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా హక్కులు ఉన్నాయి. 2012 సవరణ తర్వాత రాయల్టీ విషయంలో రచయితలకు, స్వరకర్తలకు బలం పెరిగింది. స్టూడియోవాళ్లు సంతకం పెట్టించుకున్న కాగితం ఉందా, చదివే పెట్టారా అని అడగండి. పేమెంట్ ఎంత అన్నది కెమెరా ముందు అడగకండి, ఆ అమ్మాయికి రేపు పాట రాకుండా పోతుంది. ఫోన్ పక్కన పెట్టి అడగండి, రాసేటప్పుడు పేరు లేకుండా రాయండి.

తెలంగాణ ఉద్యమ పాటలు పాడినవాళ్ల దగ్గర ఇంకో రకమైన ఇబ్బంది ఉంటుంది. ధూంధాం వేదికల మీద ఒక్కటిగా పాడినవాళ్లలో కొందరికి ప్రభుత్వం పెట్టిన సాంస్కృతిక సారథిలో ఉద్యోగాలు వచ్చాయి, కొందరికి రాలేదు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ చేదులోనే కొట్టుకుపోతుంది. పాటతో మొదలుపెట్టండి. ఎక్కడ కూర్చుని కట్టారు, మొదట ఎవరికి వినిపించారు, ఏ ఊరి సభలో జనం అందుకున్నారు. ఉద్యోగం మాట వాళ్లే తెస్తారు.

శాస్త్రీయ సంగీతం వాళ్ల దగ్గర పెద్ద కష్టం లేదు. గురువు పేరుతో మొదలుపెట్టి వాళ్లే చెప్పుకుపోతారు. వరంగల్ సంగీత కళాశాలలో నేర్చుకున్నవాళ్లను, గుళ్లో నాదస్వరం వాయించేవాళ్లను సాధన సమయంలో కలవండి చాలు. రాగం పేరు, తాళం పేరు తిరిగి చదివి వినిపించి సరిచూసుకోండి.

రికార్డింగ్‌కు ఒక మాట. డోలుకు ఎదురుగా ఫోన్ పెడితే మొత్తం పగిలిపోతుంది. పక్కకు, కొంచెం దూరంగా పెట్టండి. మాటలు వేరుగా, వాయింపు వేరుగా రికార్డు చేయండి. ఆ రాత్రే వినండి. మర్నాటికి సగం మాటల సందర్భం మరిచిపోతారు.

ఇక రాయడం. ముందుగా, "అంతరించిపోతున్న కళ" అనే హెడ్డింగ్ పెట్టకండి. గత నెలలో ఎన్ని చోట్ల కథ చెప్పారని అడిగి చూశాక అప్పుడు తేల్చుకోండి. ఒగ్గు డోలు జట్లలో ఇవాళ డిగ్రీ చదివే పిల్లలు గజ్జెలు కట్టి ఎగురుతున్నారు. రాత్రంతా సాగే పూర్తి కథ చెప్పగలిగే ముసలివాళ్లు మాత్రం తగ్గుతున్నారు. ఈ రెండూ ఒకే కళలో ఒకేసారి జరుగుతున్నాయి. రెండూ రాస్తేనే నిజం రాసినట్టు. చనిపోతోందని మనం రాస్తే, నేర్చుకుంటున్న పిల్లాడు అది చదువుతాడని మరిచిపోవద్దు.

రెండోది, దయ చూపిస్తూ రాయొద్దు. పూరిగుడిసె, చిరిగిన చొక్కా, కళ్లలో నీళ్లు, ఇవి మొదటి పేరాలో వస్తే పాఠకుడు జాలిపడి పేజీ తిప్పేస్తాడు, ఆ మనిషి విద్య ఏమిటో తెలియకుండానే పోతుంది. పేదరికం ఉంటే తప్పకుండా రాయండి, లెక్కతో రాయండి. ఒక కథకు ఎంత వస్తుంది, జట్టులో ఎన్ని వాటాలు, ఆటో ఖర్చు ఎంత, సీజన్ లేనప్పుడు ఏ పనికి పోతారు. ఈ లెక్క కంటతడి కంటే ఎక్కువ చెప్తుంది, వాళ్ల మర్యాద కూడా నిలుస్తుంది.

అవార్డుల చుట్టూ కూడా కథనం కట్టొద్దు. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చిందంటే సంతోషించాల్సిందే. కానీ చిందు అంటే ఏమిటి, వేషానికి ముఖానికి ఏం రాస్తారు, పద్యం ఎక్కడ ఎత్తుకుంటారు, తెల్లారేదాకా జనాన్ని ఎట్లా నిలబెడతారు అన్నది రాయకుండా అవార్డు ఫొటో ఒక్కటే వేస్తే చదివినవాళ్లకు ఏం మిగిలింది?

వాళ్ల మాటలను వాళ్ల యాసలోనే ఉంచండి. డెస్క్‌లో కూర్చున్నవాళ్లు దాన్ని పుస్తక భాషలోకి మార్చడానికి చూస్తారు. నేను ఈ విషయంలో డెస్క్‌తో చాలాసార్లు వాదించాను, కొన్నిసార్లు గెలిచాను. "మెత్తవడ్డది" అని ఆ పెద్దాయన అన్నచోట "తడిసి శబ్దం తగ్గింది" అని అచ్చయితే ఆ మనిషి ఆ పేజీలో లేనట్టే. అయితే యాసను నవ్వులాటకు వాడకూడదు. మీరు రాసింది గట్టిగా చదివితే వాళ్లు నవ్వుకోవాలి తప్ప నొచ్చుకోకూడదు.

అచ్చయ్యాక లేదా వీడియో వచ్చాక తప్పకుండా మళ్లీ వెళ్లండి. లింకు పంపి ఊరుకోకండి, చాలామందికి చదవడం రాదు. కూర్చుని చదివి వినిపించండి. తప్పులు అప్పుడు తెలుస్తాయి, దిద్దే అవకాశం ఆన్‌లైన్‌లో మీకుంది, మాకు ఉండేది కాదు. ఆ రెండో రాకతోనే అసలు పరిచయం మొదలవుతుంది. నాకు దొరికిన మంచి కథనాల్లో చాలావరకు ఇట్లా చదివి వినిపించేటప్పుడు "ఇది కాదు సారూ, అసలైంది ఇంకోటుంది" అని వాళ్లు చెప్పినవే.

మీరు పరకాలలోనే ఉన్నారు కాబట్టి ఒక్క జట్టుతో మొదలుపెట్టండి, పదిమంది దగ్గరికి పోకండి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయంవారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, ఈ కళల మీద అక్కడ పరిశోధనలు చేసినవాళ్లున్నారు. వెళ్లేముందు ఒక రోజు అక్కడ చదువుకుంటే కథల పేర్లు, ఘట్టాల వరస, వాద్యాల పేర్లు తెలుస్తాయి. ఆకాశవాణి వరంగల్ కేంద్రంలో పాడిన పాత కళాకారుల సంగతి కూడా విచారించండి, వాళ్ల శిష్యులు మీ చుట్టుపక్కలే ఉంటారు. సంక్రాంతికి ఐలోని వెళ్లి ఒక రాత్రి పూర్తిగా కూర్చోండి. నోట్‌బుక్ జేబులోనే ఉంచి వినండి. ఏ జట్టును ఎంచుకున్నారో, వాళ్లు మల్లన్న కథ చెప్తారో, బీరప్ప కథో, ఎల్లమ్మ కథో నాకు రాయండి. కథను బట్టి అడగాల్సినవి మారతాయి, అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్తాను.